ఉత్తమ ఛాయాచిత్ర మేది? – తీర్పుల చరిత్ర

ఒక పటమును ముందుంచుకొని, "ఇది చాల గొప్పది" అని యొకరును, "ఇందేమున్నది?" అని మఱియొకరును వాదులాడుట లోకమున మనము నిత్యమును చూచుచున్నదే. పెండ్లియింట గోడకు వ్రేలాడు పటము మొదలుకొని, దేశదేశముల పత్రికలలో అచ్చుపడు పటము వఱకును ఈ వివాదము తప్పదు. నేడు చేతిలో ఇమిడెడు సెల్‌ఫోనులోనే కెమెరా యుండుటచే, పసిబాలుడు సయితము దినమునకు పదుల కొలది చిత్రములు తీయగలుగుచున్నాడు. ఇన్నింటిలో ఏది యుత్తమము? ఎవరు నిర్ణయింపవలెను? ఏ కొలబద్దతో నిర్ణయింపవలెను? ఈ ప్రశ్నలు నేడు పుట్టినవి కావు. ఛాయాచిత్రము పుట్టిననాటి నుండియు దానితోడనే పెరిగినవి. ఆ తీర్పుల చరిత్రను సంగ్రహముగా మీకు విన్నవించుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

"పుఱ్ఱెకో బుద్ధి, జిహ్వకో రుచి" యని మన సామెత. ఆ సామెత చెప్పి మాట ముగించుట సులభము. కాని ఈ తీర్పుల వలన కొన్ని పటములు భద్రపఱచబడినవి, కొన్ని పెట్టెల యడుగున పడియున్నవి. పటములు తీసినవారిలో కొందఱు గౌరవము పొందిరి, కొందఱు కొలువు కోలుపోయిరి. పటములలోని దీనులకు ఒకప్పుడు అన్నము దొరకినది, ఒకప్పుడు అవమానమే మిగిలినది. ఇట్టి ఫలములు గల తీర్పును వట్టి రుచిభేదమని త్రోసివేయరాదు.

మొదట మన ప్రాచీనుల మాట చూతము. విష్ణుధర్మోత్తరమున తృతీయఖండములో చిత్రసూత్రమను భాగము కలదు. చిత్రలేఖనమును గూర్చి సంస్కృతమున మనకు లభించిన శాస్త్రములలో నది మిక్కిలి ముఖ్యమైనది. చిత్రమును చూచునప్పుడు ఆచార్యులు రేఖను మెచ్చుదురనియు, విచక్షణులు వర్తనను, అనగా వెలుగునీడలచే ఎత్తుపల్లములను తోపించు నేర్పును, మెచ్చుదురనియు, స్త్రీలు భూషణములను కోరుదురనియు, తక్కిన జనులు రంగుల సమృద్ధిని కోరుదురనియు అందు చెప్పబడినది. స్త్రీలను గూర్చిన మాట నేటివారికి సమ్మతము కాకపోవచ్చును. అయినను చూపఱులు నాలుగు తెగలనియు, ఒక్కొక్క తెగ ఒక్కొక్క గుణమును వెదకుననియు ఆ శాస్త్రకారు డెఱిగియుండె ననుట స్పష్టము. ఎఱిగి, తీర్పు అసాధ్యమని యతడు చేతులు ముడుచుకొనలేదు. ఇట్లని తెలిసికొని అందఱి చిత్తమును పట్టునట్లు యత్నింపవలెనని చిత్రకారునికి ఉపదేశించెను.

కాళిదాసుని శాకుంతలమున ఆఱవ యంకము మీలో పలువురకు పరిచితమే. దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును చూచుచుండును. విదూషకుడు అదే పటమును చూచి, ఇందు ముగ్గురు స్త్రీలు కనబడుచున్నారు, వీరిలో శకుంతల యెవరని యడుగును. చాటున నున్న సానుమతి యను నప్సరస రాజు నేర్పును మెచ్చుకొనును. రాజో, ఆ పటములోని తుమ్మెదను నిజమైన తుమ్మెద యనుకొని అదలింపబూనును. పట మొక్కటియే, చూచినవారు మువ్వురు. ఒకనికి గుర్తే తెలియదు. ఒకామెకు నేర్పు కనబడినది. ఒకనికి పటము పటమనియే తోచలేదు. చిత్రము వలన కలుగు ననుభవమునకు, చూచువాడు తన హృదయమున తెచ్చుకొన్న జ్ఞాపకము కూడ కారణమగునని యీ ఘట్టము మనకు తెలుపుచున్నది.

ఇక ఛాయాచిత్రము కడకు వత్తము. ఫ్రాన్సు దేశమున నియెప్స్ అను నతడు 1826-27 ప్రాంతమున, తన యింటి మేడకిటికీ నుండి కనబడు కప్పులను గోడలను, తారువంటి పదార్థము పూసిన లోహపు పలకపై ముద్రపడునట్లు చేసెను. నేడు మిగిలియున్న కెమెరా చిత్రములలో అదియే మొదటిది. వెలుగు మిక్కిలి దీర్ఘకాలము సోకిన గాని రూపు నిలువలేదు. అందుచే సూర్యుడు తూర్పుననుండియు పడమటనుండియు ఒక్కసారి వెలిగినట్లు ఇరువైపుల గోడలును ఎండలో నున్నవి. నేటి స్ఫుటతతో పోల్చిచూచినచో అది మరకవలె నుండును. మన యింట నెవరును దానిని గోడకు తగిలింపరు. అయినను అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమువారు దానిని అపురూపమైన నిధిగా కాపాడుచున్నారు. ఇచ్చట కొలబద్ద అందము కాదు, స్ఫుటత కాదు; మొదటిది యగుటయే.

1839 జనవరి 7వ తేదీన పారిసునగరములోని విజ్ఞాన పరిషత్తున అరాగో పండితుడు డాగెర్ కనిపెట్టిన విధానమును ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టు 19వ తేదీన దాని రహస్యమును లోకమునకు వెల్లడించిరి. వెండిపూత గల రాగిరేకుపై అయొడిను ఆవిరి పట్టించి, కెమెరాలో నుంచి, పిమ్మట పాదరసపు ఆవిరి చూపినచో రూపు తేలును. భూతద్దముతో చూచినకొలది క్రొత్త వివరములు కనబడుట ప్రజల కద్భుతముగా తోచెను. అదే కాలమున ఇంగ్లాండులో టాల్బట్ అనునతడు కాగితముపై చిత్రము పట్టు విధానమును సాధించెను. డాగెర్ రేకు ఒక్కటియే యగును, ప్రతి లేదు. టాల్బట్ కాగితము నుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. కాని కాగితపు నారల వలన అంచులు మెత్తబడి మసకగా నుండును. స్కాట్లండులో హిల్, ఆడంసన్ అను నిరువురు 1843 మొదలుగా ఈ కాగితపు విధానముననే మనుష్యుల రూపములు తీసిరి. స్ఫుటత కోరువారు లోపమన్న ఆ మెత్తదనమునే, రెంబ్రాంట్ చిత్రముల వెలుగునీడలతో పోల్చి రసికులు కొనియాడిరి. ఛాయాచిత్రము పుట్టి పదియేండ్లు నిండక మునుపే తీర్పరులు రెండు పక్షములైరి.

అంతట మఱియొక వాదము బయలుదేరినది. యంత్రము చేసిన పనికి కళ యను పేరు తగునా? 1857లో రెయ్లాండర్ అనునతడు ముప్పదికి పైగా వేఱువేఱు నెగటివులను పొందుపఱచి, మంచిదారి చెడ్డదారి యను భావముతో ఒక పెద్ద చిత్రమును కూర్చి మాంచెస్టరు ప్రదర్శనమున నుంచెను. విక్టోరియా రాణి దాని ప్రతిని కొనెను. స్కాట్లండులో నన్ననో, అందలి దిగంబర రూపములు కూడవని, చెడ్డదారిని చూపు సగమునకు తెర కట్టి తక్కిన సగమునే చూపిరి. ఒకే పటము ఒకచోట రాజమందిరమునకు తగినది. మఱియొకచోట సగము దాచదగినది! రెండేండ్లకు, 1859లో ఫ్రెంచి కవి బోదలేర్, ఛాయాచిత్రము శాస్త్రములకును కళలకును దాసిగా నుండిన చాలును గాని కళాసింహాసన మెక్కరాదని కఠినముగా వ్రాసెను. అచ్చుయంత్రము కావ్యము రచింపలేదు గదా యని అతని తర్కము. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఘంటము కూడ కావ్యమును రచింపదు. ఘంటము పట్టినవాడు రచించును. కెమెరా యెచ్చట నిలుపవలెను, ఏ క్షణమున తెఱువవలెను, వెలుగు ఏ ప్రక్కనుండి రావలెను అను నిర్ణయము లన్నియు మనుష్యునివే. ఇది ఒప్పుకొనుటకు లోకమునకు చాల కాలము పట్టినది.

ఈ విషయమున జూలియా మార్గరెట్ కామెరాన్ అను స్త్రీ కథ చెప్పదగినది. ఆమె 1815లో కలకత్తాలో జన్మించెను. ఆమె భర్త అచ్చటనే న్యాయశాస్త్ర సంస్కరణలలో పనిచేసిన యుద్యోగి. ఇంగ్లాండునకు తరలిపోయిన పిదప, 1863లో, నలువదియెనిమిదవ యేట, కూతురును అల్లుడును ఆమెకొక కెమెరాను బహూకరించిరి. కోళ్లగూడుగా నున్న పాకను చిత్రశాలగా మార్చుకొని ఆమె టెన్నిసన్ కవిని, హెర్షెల్ ఖగోళవేత్తను, డార్విన్ పండితుని, ఇంటి పరిచారికలను, ఇరుగుపొరుగు పిల్లలను చిత్రించెను. కూర్చున్నవారు నిమిషముల కొలది కదలక యుండవలెను. ఆ చిత్రములలో ముఖము కొంత మసకగా నుండును; గాజుపలకపై గీతలు, వ్రేలిముద్రలు కూడ కానవచ్చును. ఛాయాగ్రాహకుల పత్రికలు ఆమెకు చేతిపని రాదని వెక్కిరించినవి. ఏది న్యాయమైన స్ఫుటత యని నిర్ణయించు అధికార మెవరికి గలదని ఆమె హెర్షెల్‌కు వ్రాసిన లేఖలో నడిగెను. 1865లోనే లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు ఆమె చిత్రములు కొని ప్రదర్శించిరి. 1879లో ఆమె సింహళమున మరణించెను. ఆమెను వెక్కిరించినవారి చిత్రము లనేకము నేడు ఎవరికిని తెలియవు. ఆమె తీసిన హెర్షెల్ ముఖము ఆ శతాబ్దపు మేటి చిత్రములలో నొకటిగా గణింపబడుచున్నది. పనితనపు లోపమును పట్టినవారు అసత్యము చెప్పలేదు. గీతలున్న మాట నిజమే. వారు ముఖ్యము కానిదానిని ముఖ్యముగా లెక్కించిరి.

తన తీర్పును తానే రద్దుచేసికొన్న మహానుభావు డొకడు కలడు. ఎమర్సన్ అను వైద్యుడు 1889లో ఒక గ్రంథము వ్రాసి, మనుష్యుని కన్ను నడుమనున్న దానినే స్ఫుటముగా చూచును గావున ఛాయాచిత్రము కూడ అట్లే ముఖ్యవస్తువును స్ఫుటముగను, తక్కినదానిని మెత్తగను చూపవలెననియు, అట్లు చేసిన ఛాయాచిత్రము కళయే యనియు స్థాపించెను. శిష్యులు పెక్కుమంది చేరిరి. రెండేండ్లు గడువకమునుపే, వెలుగునీడల పాళ్లు రసాయనశాస్త్ర నియమములకు కట్టుబడియున్నవని తేల్చిన పరిశోధనలను చూచి, ఛాయాచిత్రము కళ కాదని మఱల ప్రకటించెను. మరణవార్తకు వలె నల్లని అంచు గీయించి ఆ పుస్తకమును అచ్చువేయించెను. శిష్యులు మాత్రము గురువు మాట వినలేదు. మొదటి సిద్ధాంతమునే పట్టుకొని పోయిరి. ఆయన రెండవ తీర్పు సరియైనదని నేననను. కాని క్రొత్త ప్రమాణము ఎదురైనపుడు పదిమందిలో తన మాటను మార్చుకొన్న ధైర్యము మెచ్చదగినది. వట్టి రుచి యైనచో మార్చుటకు హేతువు చూపనక్కఱలేదు. హేతువుతో మార్చుకొనదగినది యగుటయే తీర్పునకు రుచికంటె భిన్నమైన లక్షణము.

ఇపుడు మన ప్రాంతమునకు వత్తము. 1856లో మదరాసున ఛాయాచిత్ర సంఘము వెలసెను. ఆ దినములలోనే లిన్నియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని మదరాసు ప్రభుత్వమువారు తమ ఛాయాగ్రాహకునిగా నియమించిరి. ఆయన శ్రీరంగము, మధుర, తంజావూరు మొదలగు క్షేత్రములు తిరిగి, పెద్ద కాగితపు నెగటివులపై గోపురములను మంటపములను చిత్రించెను. తెలుగువారమగు మనకు ముఖ్యమైనది మఱియొకటి కలదు. కృష్ణాతీరమున అమరావతి స్తూపమునందలి శిల్పములను 1845లో వాల్టర్ ఇలియట్ అను నుద్యోగి త్రవ్వించి మదరాసునకు చేర్చెను. ఆ చలువరాళ్లు అచ్చట ఎండకు వానకు లోనై యుండెను. 1858లో ట్రైప్ వానిని ఒక్కొక్కటిగా చిత్రించెను. మఱుసటి యేట ఆ రాళ్లలో పెక్కింటిని లండనునకు ఓడనెక్కించిరి. మన నేలను వీడకమునుపు ఆ శిల్పములు ఏ స్థితిలో నుండెనో చూపు సాక్ష్యము ఆ చిత్రములే.

అంతలో 1859లో సర్ చార్లెస్ ట్రెవెలియన్ మదరాసునకు గవర్నరుగా వచ్చెను. ఖజానా స్థితినిబట్టి చూడగా ఇట్టి ఛాయాచిత్రము విలాసవస్తువని నిర్ణయించి ఆ పనిని ఆపించెను. ట్రైప్ కొలువు ముగిసెను. ఆయన చిత్రములు చిరకాలము పెట్టెలలోను గ్రంథాలయములలోను పడియుండెను. 2014-15 సంవత్సరములలో వాషింగ్టను, న్యూయార్కు, లండను నగరములలోని మహామ్యూజియములు వానిని ప్రత్యేకముగా ప్రదర్శించి, పందొమ్మిదవ శతాబ్దపు శ్రేష్ఠులలో నాయన నొకనిగా గౌరవించినవి. గవర్నరు చేసినది ఖర్చు జమల తీర్పు. మ్యూజియములు చేసినది కళాతీర్పు. మనము అమరావతిని తలచి చేయునది చరిత్రతీర్పు. మూడింటికిని వస్తువొక్కటే. గవర్నరు తీర్పు వలన ఆ తరువాత తీయబడవలసియుండి తీయబడక పోయిన చిత్రము లెన్నియో ఎవరు చెప్పగలరు? తీర్పున దొసగున్నచో నష్టపోవువారు తీర్పరులు కారు, తరువాతి తరములవారు.

హైదరాబాదు రాజ్యమున కథ వేఱు. 1844లో ఉత్తరదేశమున సర్ధనా గ్రామమున జన్మించిన లాలా దీన్‌దయాళ్, ఇంజనీరింగు విద్య నేర్చి, ఛాయాచిత్రమున ఆరితేరి, ఆఱవ నిజాము ఆస్థానమున చేరెను. సికిందరాబాదున ఆయన చిత్రశాల వెలసెను. 1894లో నిజాము ఆయనకు రాజా బిరుదము నొసగెను. ఆస్థానము కోరినది రాజసము, నిండుదనము, అంచునుండి అంచువఱకు స్ఫుటత. కామెరాన్ చిత్రము ఆ దర్బారున నిలిచియుండదు; దీన్‌దయాళ్ పటము ఆమె చిత్రశాలలో ఆమెకు నచ్చియుండదు. అయినను ఇరువురును తమతమ పనిలో ఘనులే. కుండను కొలుచు కొలతతో కోకను కొలువరాదు గదా.

ఇంతవఱకు చెప్పినది కళను గూర్చిన వివాదము. ఇక ధర్మమును గూర్చిన వివాదము చెప్పవలసియున్నది. 1876-78 సంవత్సరముల మహాక్షామమును మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనుచుండిరి. బళ్లారి, కర్నూలు, కడప మండలములు ఆ కరువున మిక్కిలి చితికినవి. ఆ కాలమున హూపర్ అను సైనికోద్యోగి మదరాసు రాజధానిలోని క్షామపీడితులను చిత్రించెను. ఎముకల గూళ్లవంటి మనుష్యులు, పిల్లలతో తల్లులు, వరుసగా కూర్చుండబెట్టబడి కెమెరా వైపు చూచుచుందురు. ఆ పటములు చూచినవాడు మఱవలేడు. ఆకలితో నున్నవారికి అన్నము పెట్టక వరుసకట్టించి పటము తీసెనన్న నింద హూపర్‌పై వచ్చినది. అతడే 1886లో బర్మాలో మరణశిక్ష పడిన ఖైదీలను కాల్చునప్పుడు, ఆ క్షణమునే పటము పట్టుటకు యత్నించి, అపకీర్తికిని, విచారణకును గుఱియయ్యెను.

అయినచో ఆ క్షామచిత్రములను చింపివేయవలెనా? ఇది నన్ను చిరకాలము కలతపెట్టిన ప్రశ్న. అవి లేనిచో, ఆ కరువు నేటి పిల్లలకు పాఠ్యపుస్తకములోని యొక సంవత్సరసంఖ్యయై మిగులును. అవి యున్నవి గావున మన పూర్వులు పడిన బాధను ఎవరును కాదనజాలరు. తీసినవాని మనస్సు ఎట్టిదైనను పటము సాక్ష్యము చెప్పుచున్నది. కాని సాక్ష్యము గొప్పదైనంతమాత్రమున తీసిన తీరు ఒప్పు కాదు. పటమున కొక తీర్పు, తీసినవాని కొక తీర్పు వేఱువేఱుగా చెప్పవలసియుండును. ఈ రెండింటిని కలిపివేయుట వలననే పెక్కు వాదములు తేలక పోవుచున్నవి.

ఇట్టిదే అమెరికా దేశపు కథ యొకటి. 1936 మార్చిలో డొరతీయా లాంగ్ అను స్త్రీ, కాలిఫోర్నియాలో నిపోమో యను చోట, బఠాణీ కోతకు వచ్చి పనిలేక దిక్కులేక డేరాలో నున్న యొక తల్లిని, పిల్లలతో కూడ చిత్రించెను. ఆ వార్త పత్రికలో పడగా, ప్రభుత్వమువారు ఆ కూలీల శిబిరమునకు 20,000 పౌనుల ఆహారమును పంపిరి. అప్పటికి ఆ తల్లి కుటుంబము అచ్చటినుండి కదలిపోయెను. ఆ చిత్రము ఆ దేశపు కష్టకాలమునకు గుర్తై లోకమెల్ల వ్యాపించినది. ఒక మూలన డేరాకంబమును పట్టుకొన్న బొటనవ్రేలొకటి కనబడుచుండెను. అది లోపమని తలచి లాంగ్ 1939 ప్రాంతమున నెగటివుపై దానిని మఱుగుపఱపించెను. ఆ చిత్రశాఖకు అధిపతియగు స్ట్రైకర్ మాత్రము, సత్యమును దిద్దుట తప్పని కోపగించెను. ఒకరికి పొందిక ముఖ్యము, ఒకరికి యథార్థము ముఖ్యము. వారిద్దఱి నడుమ పటములోని తల్లి మాట నెవరును అడుగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అను నామె పేరు 1978లో గాని లోకమునకు తెలియలేదు. ఆ పటము తీయకున్న బాగుండెడిదనియు, దానివలన తన కేమియు చేకూరలేదనియు ఆమె బాధపడెను. లోకమెల్ల ఉత్తమమన్న చిత్రము, అందలి మనిషికి మాత్రము మానని పుండు!

మన దేశముననే 1984 డిసెంబరు 2-3 తేదీల నడిరేయి భోపాలున విషవాయువు వెలువడి వేలమంది మరణించిరి. ఊరు పేరు తెలియని యొక పసిబిడ్డను పూడ్చుచుండగా రఘురాయ్, పాబ్లో బార్తొలొమ్యూ అను ఛాయాగ్రాహకు లిరువురును చిత్రించిరి. రఘురాయ్ పటము నలుపు తెలుపులలోనిది. అందు బిడ్డ ముఖమును తాకుచున్న యొక చేయి కనబడును. బార్తొలొమ్యూ పటము రంగులలోనిది. ఆ యేటి ప్రపంచ పత్రికాచిత్ర బహుమానమున ప్రథమస్థానము రంగుల పటమునకు లభించెను. రఘురాయ్ పటము నలుపుతెలుపులలో దుఃఖమునకు ప్రతిరూపమై నేటికిని పుస్తకములలోను ప్రదర్శనములలోను నిలిచియున్నది. ఒకే బిడ్డ, ఒకే మన్ను, ఒకే దినము. ఏది గొప్పదని న్యాయాధిపతివలె తీర్పు చెప్పబూనినచో నా నోరు పెగలదు. రెండును మనలను ఒక్క ప్రశ్నకే తెచ్చి నిలుపుచున్నవి: ఈ బిడ్డ ఎవరి బిడ్డ?

రంగుల మాట వచ్చినది గావున ఒక వింత చెప్పెదను. తక్కినజనులు రంగుల సమృద్ధిని కోరుదురని చిత్రసూత్రము చెప్పెనని మనవి చేసితిని. పాశ్చాత్యవిమర్శకులును చిరకాలము అట్లే, రంగుల ఛాయాచిత్రము ప్రకటనలకును ఇంటి ఆల్బములకును తగినదిగాని కళకు తగదని తలచిరి. 1976లో న్యూయార్కు ఆధునికకళా మ్యూజియమువారు ఎగుల్‌స్టన్ అను నతని రంగుల చిత్రములను ప్రదర్శింపగా, పేరుపొందిన విమర్శకులు అవి వట్టి చప్పిడి చిత్రములని యీసడించిరి. నేడు ఆ ప్రదర్శనమే ఛాయాచిత్ర చరిత్రలో నొక మలుపుగా చెప్పబడుచున్నది. అంతకుమున్ను 1959లో అమెరికాలో వెలువడిన రాబర్ట్ ఫ్రాంక్ పుస్తకము గతియు నంతే. దిక్కులు వాలియున్నవి, మసకగా నున్నవి యని నిందించిన 83 చిత్రముల ఆ పుస్తకము నేడు పాఠ్యగ్రంథమై యున్నది.

ఆర్యులారా, ఈ చరిత్రనుండి తేలు సారమేమి? తీర్పులు మాఱినవి, ఇది నిర్వివాదము. కాని అవి గాలిపటమువలె ఊరక ఎగిరినవి కావు. తీర్పరులు వేఱువేఱు ప్రశ్నలు వేసికొనుటచే వేఱువేఱు సమాధానములు వచ్చినవి. చేతిపని యెట్లున్నదని యడిగినవాడు కామెరాన్‌ను తప్పుపట్టెను. ముఖమున ప్రాణమున్నదా యని యడిగినవాడు మెచ్చెను. ఖర్చెంతయని యడిగినవాడు ట్రైప్‌ను పంపివేసెను. అమరావతి యేమయ్యెనని యడుగువాడు ఆయనకు నమస్కరించును. కావున ఎవరైన నొక పటమును గొప్పదనినను, చెడ్డదనినను, "అయ్యా, తాము దేనిని చూచి యట్లనుచున్నారు?" అని యడిగినచో సగము వివాదము అచ్చటనే తీరిపోవును.

రుచి మనుష్యునితో పుట్టునదే యైనను, అభ్యాసముచే పండును. కావ్యపరిశీలనముచే మనస్సు అద్దమువలె తేటపడినవాడే సహృదయుడని అభినవగుప్తపాదుల యభిప్రాయము. ఆ మాట చిత్రమునకును చెల్లును. నూఱు పటములు శ్రద్ధతో చూచినవాని తీర్పునకును, ఒక్కటి చూచి నోరు జాఱినవాని తీర్పునకును విలువ యొక్కటి కాదు. అయితే పాతశాస్త్రములలో లేని ధర్మమొకటి ఛాయాచిత్రముతో వచ్చినది. చిత్రకారుడు ఎదుట లేని రూపమును కల్పింపవచ్చును. దుష్యంతుడు శకుంతలను తలపుననుండి వ్రాసెను. కెమెరా యెదుట మాత్రము ఒక జీవి నిలిచియుండవలసినదే. తీసినవాడు, చూచువాడు అను నిరువురేగాక పటములోని వాడును మూడవ పక్షము. అతని మాట వినని తీర్పు ఎంత పాండిత్యము గలదైనను ఏకపక్షపు తీర్పే యని నా నమ్మకము.

చివరకు మన యిండ్లలోని పటములను గూర్చి రెండు మాటలు. పండుగకు సున్నము వేయునప్పుడు, పాతబడినవి, చెదలు పట్టినవి, మసకబారినవి యని పటములను దిబ్బపై పాఱవేయుచున్నారు. చూచుట కందముగా నున్న వానిని మాత్రము ఉంచుకొనుచున్నారు. ఇదియును ట్రెవెలియన్ దొరగారి తీర్పువంటిదే. ఆ మసక పటమే మీ ముత్తవ్వ రూపమునకు మిగిలిన యొక్క యానవాలు కావచ్చును. దాని వెనుక కూర్చుండిన అరుగు, ప్రక్కనున్న బావి, కట్టుకొన్న చీర నేత, మెడలోని నగ ఇవన్నియు ఆ యూరి చరిత్రయే. కావున అట్టి పటమును దొరకినపుడు, మెత్తని పెన్సిలుతో వెనుకవైపున మెల్లగా, ఉన్నవారి పేర్లు, వరుసలు, ఊరు, తెలిసిన సంవత్సరము వ్రాసి, తేమ తగులనిచోట దాచుడు. ఆ ముఖములను గుర్తుపట్టగలవారు గ్రామమున మీవంటి పెద్దలే. మీ తరము దాటినచో, భోపాలు బిడ్డవలెనే వారును పేరులేనివా రగుదురు. అది ఉత్తమచిత్రమా కాదా యను తీర్పును మనుమలకు విడిచిపెట్టుడు. తీర్పు చెప్పుటకు పటము మిగిలియుండునట్లు చేయుట మన వంతు.

స్వస్తి.